ఆటలో తోడు – 3వ పాఠం: అడిగి ఆగడం

పోయిన పాఠంలో చెప్పిన పని చేశారా? పది నిమిషాలు ఏమీ నేర్పకుండా పిల్లల ఆట చూడటం, చూసింది రాసుకోవడం. రెండో నిమిషానికే ఏదో ఒకటి చెప్పాలని నోరు లాగి ఉంటుంది. అది ప్రేమ వల్లే. ఈ పాఠంలో ఆ ప్రేమకు కొంచెం పద్ధతి నేర్పుదాం.

పిల్లలు ఎలా నేర్చుకుంటారో పరిశోధించే ఎలిజబెత్ బోనావిట్జ్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. బడికి వెళ్లే వయసు రాని పిల్లలకు ఒక కొత్త బొమ్మ ఇచ్చారు. దాంట్లో నాలుగు రకాల తమాషాలు ఉన్నాయి. కొంతమందికి పాఠం చెప్పినట్టు ఒక్కటి చేసి చూపించారు. వాళ్లు ఎక్కువగా ఆ ఒక్కదానితోనే ఆడారు. ఎవరూ నేర్పని పిల్లలు మిగతావి ఎక్కువగా వెతికి పట్టుకున్నారు. పెద్దవాళ్లు చూపించింది ఒక్కటే అయితే, ఇంకేమీ లేదనే కదా పిల్లలు అనుకునేది!

అలాగని పూర్తిగా వదిలేయమని కాదు. ఏ వస్తువులు ముందు పెట్టాలన్నది మన వంతు, వాటితో ఏం చేయాలన్నది పిల్లల వంతు. మధ్యలో మనకున్న పనిముట్టు మాట ఒక్కటే.

నాలుగేళ్ల పాప బ్లాకులతో మేడ కడుతోంది అనుకోండి. చిన్న బ్లాకు అంచు మీద పొడుగు బ్లాకు పెట్టింది. పడిపోయింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది. ఇలాంటప్పుడు నేను ఒకప్పుడు చెయ్యి చాపి బ్లాకును మధ్యకు జరిపేదాన్ని. మేడ నిలబడేది, పాప మాత్రం లేచి వెళ్లిపోయేది. గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తను కనిపెట్టాల్సింది నేను లాగేసుకున్నాను.

ఇప్పుడు చేతులు ఒళ్లో పెట్టుకుంటాను. ముందు, చూసింది చూసినట్టు చెబుతాను: "రెండుసార్లూ ఇటువైపే పడింది." తర్వాత ఒక్క ప్రశ్న: "ఈసారి ఎక్కడ పెట్టి చూస్తావు?"

ఇక ఆగాలి. కష్టమంతా ఇక్కడే ఉంది. టీచర్లు ప్రశ్న అడిగాక దాదాపు ఒక్క సెకనే ఆగుతున్నారని 1970ల్లో సైన్స్ బోధనపై పరిశోధించిన మేరీ బడ్ రో గమనించారు. మూడు సెకన్లు, ఆపైన ఆగితే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, వాళ్లే ప్రశ్నలు వేయడమూ పెరిగింది. చిన్నపిల్లలతో నేను మనసులో ఐదు దాకా లెక్కపెడతాను. పాప బ్లాకును అటూ ఇటూ తిప్పుతుంటే అదే జవాబు, మాట రానక్కర్లేదు.

"ఇదేం రంగు?" లాంటివి ఈ వారం మానేయండి. జవాబు మనకు తెలిసే అడుగుతున్నామని పిల్లలు ఇట్టే పసిగడతారు, ఆట కాస్తా పరీక్ష అయిపోతుంది.

పాపకు ఏడుపొస్తుంటే మాత్రం ఈ నియమాలన్నీ పక్కన పెట్టండి. "నేను కింద బ్లాకు పట్టుకోనా?" అని అడిగి, ఊ అంటే పట్టుకోండి. పైది తననే పెట్టనివ్వండి.

ఈ వారం అభ్యాసం: రోజూ ఒక ఆటలో, చూసింది చెప్పే మాట ఒకటి, ప్రశ్న ఒకటి. అంతకు మించొద్దు. మీరు అడిగింది, ఎంతసేపు ఆగింది, పిల్లలు ఆ తర్వాత చేసింది, మూడూ రాసుకోండి. మధ్యలో చెయ్యి పెట్టేస్తే అదీ రాయండి. వచ్చే పాఠంలో లెక్కల ఆట మొదలుపెట్టేది ఆ కాగితం ముందు పెట్టుకునే.