డ్రైవ్ షాఫ్ట్ విప్పే ముందు బోల్టు తలలో మొనలు లెక్కపెట్టండి

డ్రైవ్ షాఫ్ట్ (గేర్‌బాక్సు నుంచి చక్రానికి శక్తిని చేరవేసే కడ్డీ) పనికి ఏ పనిముట్టు కొనాలో బోల్టు తలే చెబుతుంది, కానీ ముందు దాన్ని శుభ్రం చేయాలి. వైర్ బ్రష్‌తో రుద్ది, గుంటలో గట్టిపడిన గ్రీజును సన్నని సూదితో పూర్తిగా గీకి తీయండి. తర్వాత టార్చి వేసి చూడండి. గుండ్రని మొనలు ఆరు ఉంటే టార్క్స్. పదునైన మొనలు పన్నెండు ఉంటే ట్రిపుల్ స్క్వేర్. ఫోక్స్‌వ్యాగన్, ఆడి కార్లలో లోపలి సీవీ జాయింటుకు (షాఫ్ట్‌కు గేర్‌బాక్సు వైపు కొసన ఉండే, వంగినా తిరిగే కీలు) తరచుగా కనిపించేది ఈ రెండోదే. దగ్గరి సైజు టార్క్స్ బిట్ అందులో కూర్చున్నట్టే ఉంటుంది, బలం పెట్టగానే మొనలన్నీ అరిగిపోతాయి. ఆ తర్వాత బోల్టు తీయడం నరకమే! సరైన బిట్ దొరికాక కూడా చిన్న సుత్తితో తట్టి, అడుగు తగిలేదాకా దింపాకే తిప్పండి.

హబ్ నట్టుకు (చక్రం మధ్యలో షాఫ్ట్ కొసను పట్టి ఉంచే పెద్ద నట్టు) ఊహ వద్దు, వెర్నియర్‌తో కొలవండి. 30, 32, 36 మిల్లీమీటర్లు తరచుగా కనిపించే కొలతలు. నట్టు ఆరు పలకలదైతే ఆరు పలకల సాకెట్టే తీసుకోండి, మూలలు చెడవు. నట్టు అంచును షాఫ్ట్ గాడిలోకి వంచి ఉంటే ముందు దాన్ని పైకి లేపాలి.

వర్క్‌షాప్ మాన్యువల్‌లో ప్రత్యేక పనిముట్టు నంబరు ఉంటే ఆ నంబరుతోనే వెతకండి. అదే కొలతలతో వేరే కంపెనీలు చేసినవీ బయటపడతాయి. ఒక్కసారికే అవసరమైన పుల్లర్ (బిగిసిన భాగాన్ని లాగి తీసే పనిముట్టు) లాంటివి అద్దెకు తెచ్చుకోవడం మేలు.