పాత జర్మన్ పిస్తోలును చదవడం – మూడో పాఠం: నంబర్లు కలిశాయా?

ముందు గత పాఠం ప్రశ్నకు జవాబు. లూగర్ పి.08 (మొదటి ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైన్యం పిస్తోలు) ఛాంబర్ మీద, అంటే తూటా కూర్చునే గది మీద, 1920, 1917 అని రెండు సంవత్సరాలు ఎందుకున్నాయని అడిగాను. 1917 అది తయారైన ఏడాది. 1920 మాత్రం తయారీకి సంబంధించింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ఓడిపోయాక వచ్చిన జర్మనీ వైమార్ ప్రభుత్వం తన చేతిలో మిగిలిన ఆయుధాల మీద ఇది సర్కారు సొత్తు అని కొట్టించిన ముద్ర అది. కలెక్టర్లు 'డబుల్ డేట్' అంటారు. రెండు తేదీలున్నాయి కాబట్టి చాలా అరుదని ఎవరైనా ధర పెంచితే నమ్మకండి, ఇవి మార్కెట్లో బాగానే కనిపిస్తాయి.

ఈ పాఠం నంబర్ల గురించి. పిస్తోలు చేతికొస్తే మొదట మ్యాగజైన్ తీసి, పైన మడత పడే కీలును (టాగిల్) వెనక్కి లాగి, ఛాంబర్‌లో తూటా లేదని కళ్లతో చూడండి. లూగర్‌తో ఇంకో ప్రమాదం ఉంది. ఛాంబర్‌లో తూటా ఉంటే, పై భాగాన్ని ఫ్రేమ్ నుంచి విడదీశాక కూడా పక్కనున్న సియర్ బార్ (ట్రిగ్గర్ కదలికను లోపలికి అందించే కడ్డీ) నొక్కుకుంటే పేలగలదు. ట్రిగ్గర్ లేదు కదా అని ధీమా పడకూడదు.

సైన్యం పిస్తోళ్లలో పూర్తి నంబరు మూడు చోట్ల వెతకాలి: ఫ్రేమ్ ముందు భాగంలో బ్యారెల్ కింద, రిసీవర్ (బ్యారెల్ బిగించే పై భాగం) ఎడమ పక్కన, బ్యారెల్ అడుగున. ఫ్రేమ్ ముందున్న నంబరు కింద ఒక చిన్న వాలు అక్షరం కూడా ఉండొచ్చు. దాన్ని వదిలేయకండి. కైజర్ (జర్మన్ చక్రవర్తి) కాలంలో ఏటా నంబర్లు ఒకటి నుంచి మొదలయ్యేవి. పదివేలు దాటగానే 'ఎ' అక్షరం, మళ్లీ ఒకటి, తర్వాత 'బి'. అంటే 4318 అనే నంబరు ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్టే. కర్మాగారం, ఏడాది, నంబరు, అక్షరం నాలుగూ కావాలి. ఫోన్‌లో నంబరు చదివి "ధరెంత?" అని అడిగేవాళ్లకు నేనిచ్చే జవాబు ఎప్పుడూ ఇదే.

చిన్న భాగాల మీద చివరి రెండంకెలే ఉంటాయి: ట్రిగ్గర్, సైడ్ ప్లేట్, విడదీసే లివర్, సేఫ్టీ, ఎక్స్‌ట్రాక్టర్, టాగిల్ ముక్కలు, లోపల ఫైరింగ్ పిన్, చెక్క పట్టీల వెనక కూడా. ఇంత శ్రమ ఎందుకంటే, భాగాలన్నిటినీ ఒకే పిస్తోలుకు చేత్తో సరిచేసేవారు. ఒకదాని ముక్క ఇంకోదానిలో సరిగ్గా కూర్చోకపోవచ్చు.

బ్యారెల్ దగ్గర కాస్త ఆగండి. అడుగున, బ్యారెల్ రిసీవర్‌లోకి దిగే చోట రెండింటి మీదుగా ఒకే గీత కొట్టి ఉంటుంది. గీత అటూ ఇటూ జరిగితే బ్యారెల్ విప్పారన్నమాట. ఇది బయటినుంచే కనిపిస్తుంది కాబట్టి ఫొటో అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

ఇక మోసాల సంగతి. వేరే పిస్తోలు లివర్ తెచ్చి, పాత అంకె అరగదీసి, కావలసిన అంకె కొట్టేవాళ్లున్నారు. అంకె చుట్టూ లోహం కొద్దిగా పల్లంగా ఉందా, అంకెల తీరు మిగతా భాగాల మీదున్న వాటితో కలుస్తుందా చూడండి. రంగు ఇంకా గట్టి సాక్ష్యం. 1937కు ముందు తయారైన వాటిలో ట్రిగ్గర్, విడదీసే లివర్, సేఫ్టీ వంటివి ఎండుగడ్డి రంగులో ఉంటాయి, మిగతాది నీలి నలుపు. 1937లో తయారీదారు మౌజర్ కంపెనీ పూత పద్ధతి మార్చాక ఆ గడ్డి రంగు పోయింది. అందుకే 1916 పిస్తోలులో ట్రిగ్గర్ నల్లగా నిగనిగలాడుతుంటే, తర్వాత ఎవరో మళ్లీ పూత వేశారని అనుమానించాలి. అయితే అరిగిపోయి తెల్లబడిన ట్రిగ్గర్ వేరు. అది వాడకం, దానికి భయపడక్కర్లేదు. కలవని ముక్కలన్నీ మోసమే అనుకోవద్దు కూడా. 1920, 30లలో సైన్యం మరమ్మతు కేంద్రాల్లో భాగాలు మార్చి నంబర్లు కొట్టేవారు.

ధరకు నేను పాటించే లెక్క: అన్నీ కలిసి, అసలు పూతే ఉంటే అది పూర్తి ధర. ఒక చిన్న భాగం మారితే కొంత తగ్గిస్తాను. బ్యారెల్ మారినా, మళ్లీ పూత వేసినా సగం దగ్గర నుంచి బేరం మొదలుపెడతాను. మ్యాగజైన్ అడుగున చెక్క ముక్క మీద అదే నంబరుంటే కొంత పెంచుతాను. నంబరు పక్కన ప్లస్ గుర్తున్న రెండో మ్యాగజైన్ కూడా దొరికితే, అప్పుడు కాస్త ఎక్కువే ఇవ్వొచ్చు. మ్యాగజైన్లు చేతులు మారిపోవడం మామూలు. "ఫలానా అధికారి దగ్గర స్వాధీనం చేసుకున్నది" అనే కథకు కాగితం లేకపోతే నేను పైసా కలపను.

అమెరికాలో వేలాలు చూసే మనవాళ్లు గుర్తుంచుకోండి, అక్కడి చట్టం ప్రకారం 'యాంటిక్' అంటే 1898 లేదా అంతకుముందు తయారైనవే. లూగర్ పి.08 'క్యూరియో అండ్ రెలిక్' (సేకరణ విలువున్న పాత ఆయుధాలు) వర్గంలోకి వస్తుంది. ఇండియాలో 9 మి.మీ. నిషిద్ధ బోరు. ఇంట్లో పాత పెట్టెలో దొరికినా అమ్మే ఆలోచన మాని, వెంటనే వకీలును కలవండి.

అభ్యాసం: ఎర్ఫుర్ట్ (జర్మన్ ప్రభుత్వ ఆయుధ కర్మాగారం) 1917. ఫ్రేమ్, రిసీవర్, బ్యారెల్ మూడింటి మీదా 6245; ట్రిగ్గర్ గడ్డి రంగులో, 45; విడదీసే లివర్ మీద కూడా 45, కానీ నల్లగా ఉంది, దాని మీద తనిఖీ ముద్ర లేదు. ఎర్ఫుర్ట్ వాళ్లు చిన్న ముక్కల మీద కూడా కిరీటం, అక్షరం ఉన్న ముద్ర కొట్టడంలో పెట్టింది పేరు. అమ్మేవాడు పూర్తి ధర అడుగుతున్నాడు. మీరు ఏ రెండు ఫొటోలు అడుగుతారు? ఎంత తగ్గించమంటారు? జవాబు నాలుగో పాఠం మొదట్లో.