అకడమిక్ రీడింగ్, రైటింగ్ కోర్సు ఆన్‌లైన్‌లో చేస్తున్నారా? రాయడానికి ముందు చదవడం నేర్చుకోండి

ఈ కోర్సులో చేరగానే చాలామంది గ్రామర్ మీద పడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీకి హైదరాబాద్ వచ్చి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాళ్లకు ఆ టెన్షన్ ఉంటుంది, అందులో తప్పేం లేదు. కానీ రెండు కోర్సులు పూర్తి చేశాక, ఇప్పుడు మా హాస్టల్లో జూనియర్ల అసైన్‌మెంట్లు చూస్తున్నప్పుడు నాకు కనిపించేది వేరు. ఎక్కువ మార్కులు పోయేది ఇచ్చిన వ్యాసాన్ని సరిగా చదవకపోవడం వల్ల. గ్రామర్ తప్పులకు అరమార్కో ఒక మార్కో పోతుంది, రచయిత అనని మాటను ఆయన అన్నాడని రాస్తే జవాబు మొత్తం పోతుంది.

ముందు ఏ కోర్సు చేయాలో తేల్చుకోండి. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో చేరడానికి డబ్బు కట్టక్కర్లేదు. జనవరిలో ఒకటి, జులైలో ఒకటి, ఏడాదికి రెండు సెమిస్టర్లు. హేమవతీ నందన్ బహుగుణ గఢ్వాల్ విశ్వవిద్యాలయం వాళ్ల అకడమిక్ రైటింగ్, ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటీఎల్‌లో రూర్కీ ఐఐటీ వాళ్ల ఎఫెక్టివ్ రైటింగ్ లాంటివి అందులోనే వచ్చాయి. ప్రతిసారీ అన్నీ ఉండవు కాబట్టి ఆ సెమిస్టర్ లిస్టు చూసుకుని చేరండి. పేరు చూసి మోసపోకండి, వారంవారం ఏం చెబుతారో అక్కడే రాసి ఉంటుంది. కొన్ని కోర్సులు రీసెర్చ్ పేపర్లు రాసే పీజీ, పీహెచ్‌డీ వాళ్ల కోసం, కొన్ని డిగ్రీ వాళ్ల కోసం.

ఈ కోర్సు మీ డిగ్రీలో క్రెడిట్లుగా కలవాలంటే చేరకముందే మీ కాలేజీలో అడగండి. 2021 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం ఒక సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా స్వయం ద్వారా చేయవచ్చు, కానీ మీరు ఎంచుకున్న ఆ కోర్సును మీ కాలేజీ ఒప్పుకోవాలి కదా. నోటిమాటతో వదిలేయకండి. మా ఫ్రెండ్‌కి ఒక లెక్చరర్ "చేసెయ్ అమ్మా, చూద్దాం" అన్నారు, చివరికి క్రెడిట్లు కలపలేదు, సెమిస్టరంతా పడ్డ కష్టానికి సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. ఒక దరఖాస్తు రాసి సంతకం చేయించుకోండి. డిజిలాకర్ ద్వారా ఏబీసీ ఐడీ (మీ క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు) కూడా అప్పుడే తీసి పెట్టుకోండి.

ఎన్‌పీటీఎల్ లెక్క ఇలా ఉంటుంది. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్లలో 25కి కనీసం 10, పరీక్షలో 75కి కనీసం 30 రావాలి. 8 వారాల కోర్సులో బాగా వచ్చిన 6 అసైన్‌మెంట్లు, 12 వారాల కోర్సులో 8 అసైన్‌మెంట్లు తీసుకుంటారు. జ్వరమొచ్చో, ఊళ్లో పెళ్లి ఉండో ఒక వారం పోయినంత మాత్రాన కోర్సు వదిలేయకండి. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగం. పరీక్ష రాయకపోతే ఏమీ కట్టక్కర్లేదు.

ఇక అసలు పని. వీడియోలు రాత్రి వైఫై ఉన్నప్పుడు డౌన్‌లోడ్ చేసుకుని బస్సులోనో మెట్రోలోనో చూడొచ్చు, కానీ చదవాల్సిన వ్యాసాలు మాత్రం ఫోన్లో చదవకండి. జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించండి. పది పన్నెండు పేజీలకు అయ్యే ఖర్చు ఒక టీ, సమోసా అంత. పెన్సిల్ పట్టుకుని మార్జిన్‌లో రాసుకుంటే తప్ప ఈ రకం చదువు తలకెక్కదు. హాస్టల్లో గోల ఎక్కువైతే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్లండి. గ్రూప్స్‌కి చదివేవాళ్లతో కిటకిటలాడుతుంది, పొద్దున్నే వెళ్తేనే కుర్చీ దొరుకుతుంది, కానీ చుట్టూ అంతమంది తల వంచుకుని చదువుతుంటే మనకూ ఫోన్ తీయబుద్ధి కాదు.

వ్యాసం చేతికి రాగానే మొదటి లైన్ నుంచి డిక్షనరీ పట్టుకుని వెళ్లొద్దు. టైటిల్, అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), ఇంట్రడక్షన్‌లో చివరి పేరా, మధ్యలో హెడ్డింగులు, కంక్లూజన్ చదవండి. ఇరవై నిమిషాలు చాలు. అప్పుడు కాగితం బోర్లించి, "ఈయన ఏమంటున్నాడు?" అన్న ప్రశ్నకు తెలుగులో ఒక్క వాక్యం రాయండి. అవును, తెలుగులోనే. ఇంగ్లీషులో రాస్తే అబ్‌స్ట్రాక్ట్‌లోని మాటలే తిరిగి చేతికి వస్తాయి, అర్థమైందో లేదో మనకే తెలియదు. తెలుగులో రాయాలంటే అర్థం చేసుకోక తప్పదు. వాక్యం రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదన్నమాట, మళ్లీ ఇంట్రడక్షన్‌కి వెళ్లండి.

ఈ అలవాటు నాకు మా అమ్మ దగ్గర అబ్బింది. ఆమె పెళ్లయ్యాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ చేసింది. 1982లో మన దగ్గర పెట్టిన ఆ సంస్థే దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఆదివారం క్లాసుకు వెళ్లొచ్చాక పుస్తకం మూసేసి, పాత కేలెండర్ కాగితం వెనక తన మాటల్లో నాలుగు ముక్కలు రాసి, వంటింటి గోడ మేకుకు గుచ్చేది. కూర కలుపుతూ తలెత్తి చూసుకునేది. ఆ కాగితాల్లో పుస్తకంలోని వాక్యం ఒక్కటి కూడా ఉండేది కాదు.

రెండోసారి చదివేటప్పుడు పూర్తిగా చదవండి, ప్రతి పేరా పక్కన ఒకటే గుర్తించండి: ఇక్కడ మాట్లాడుతున్నది ఎవరు? రచయితేనా, రచయిత చెబుతున్న ఇంకొకరా? నా మొదటి కోర్సు మూడో వారంలో నేను పడ్డది ఇక్కడే. వ్యాసం రెండో పేజీలో ఒక అభిప్రాయం చాలా గట్టిగా రాసి ఉంది, నాకు బాగా నచ్చింది, రచయిత వాదన ఇదేనని రెండు పేరాలు రాసి పంపాను. పేజీ తిప్పితే 'హౌఎవర్' అని మొదలుపెట్టి ఆయన ఆ అభిప్రాయాన్నే ఖండించాడు. పదికి రెండు మార్కులు వచ్చాయి. అప్పటి నుంచి 'హౌఎవర్', 'యెట్', 'ఆల్దో', 'క్రిటిక్స్ ఆర్గ్యూ' లాంటి మాటలు కనిపిస్తే ముందు వాటి చుట్టూ గుండ్రంగా గీత గీస్తాను. అలాగే 'మే', 'మైట్', 'సజెస్ట్స్' కూడా. "కారణం కావచ్చు" అని ఆయన జాగ్రత్తగా రాసినదాన్ని మనం "కారణం ఇదే" అని రాస్తే అది ఆయన మాట కాకుండా పోతుంది.

తెలియని పదాల గురించి ఒక మాట. అన్నీ వెతకొద్దు. రెండు మూడుసార్లు వచ్చినవి, హెడ్డింగులో ఉన్నవి వెతకండి, మిగతావి వాక్యాన్నిబట్టి పోల్చుకోండి.

ఇప్పుడు పారాఫ్రేజ్, అంటే చదివినదాన్ని మన మాటల్లో చెప్పడం. వీడియోలో పది నిమిషాల్లో చెప్పేస్తారు, నాకు మాత్రం నెల పట్టింది, అందుకే ఒక ఉదాహరణ పెడుతున్నాను. కోర్సులో ఇది ఇంగ్లీషులో రాయాలి, విషయం తెలియడానికి ఇక్కడ తెలుగులో చెబుతాను. మీరు చదివిన వాక్యం ఇది అనుకోండి: "1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరద తర్వాత, మళ్లీ అలాంటి ఉపద్రవం రాకుండా నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించి, ఆయన సూచన మేరకు నగరానికి ఎగువన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టించింది."

చాలామంది చేసేది ఇలా ఉంటుంది: "1908 సెప్టెంబర్ నెలలో సంభవించిన మూసీ వరద అనంతరం, తిరిగి అటువంటి విపత్తు రాకుండా నిజాం సర్కారు విశ్వేశ్వరయ్యను రప్పించి, ఆయన సలహా ప్రకారం నగరానికి పైన ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రిజర్వాయర్లు నిర్మించింది." తర్వాతకు బదులు అనంతరం, ఉపద్రవానికి బదులు విపత్తు. వాక్యం నడక అదే, మాటల వరస అదే, చొక్కా మాత్రం మారింది. కింద మూలం పేరు రాసినా దీన్ని కాపీ కిందే లెక్కేస్తారు.

పుస్తకం మూసి, తెలుగులో ఒకసారి పైకి చెప్పుకుని, కాసేపాగి రాస్తే ఇలా వస్తుంది: "ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ రెండూ వరద భయంలోంచి పుట్టినవి. 1908లో మూసీ పొంగాక, నీళ్లను నగరం దాకా రానివ్వకుండా పైనే ఆపాలన్న విశ్వేశ్వరయ్య సలహాను నిజాం ప్రభుత్వం అమలు చేసింది." ఇక్కడ మొదట వచ్చింది మీకు అవసరమైన విషయం, ఆ వెనక దాని కారణం. దీనికీ మూలం పేరు, సంవత్సరం ఇవ్వాల్సిందే, ఎందుకంటే మాటలు మీవైనా సమాచారం వాళ్లది. రాశాక అసలు వాక్యంతో పోల్చి చూడండి. అందులో లేనిది ఏదైనా మీరు కలిపితే తీసేయండి.

అదే విషయం మీద వ్యాసం రాయమన్నారనుకోండి. "హైదరాబాద్ జలాశయాలు" అనేది టాపిక్ మాత్రమే, థీసిస్ స్టేట్‌మెంట్ (వ్యాసం వాదనను చెప్పే వాక్యం) కాదు. ఎవరైనా "కాదు" అనగలిగేలా ఉంటేనే అది వాదన అవుతుంది. "ఈ రెండు జలాశయాల చుట్టూ నిర్మాణాలను అదుపు చేయకపోతే కింద ఉన్న నగరానికి మళ్లీ వరద ముప్పు పెరుగుతుంది" అన్నది వాదన. 1996లో వచ్చిన జీవో 111 జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాల మీద ఆంక్షలు పెట్టింది, మీరు ఆధారంగా దాన్ని తెస్తారు. మరి ఆ గ్రామాల రైతుల సంగతి? పక్క ఊళ్లో భూమి కోట్లు పలుకుతుంటే మా భూమికి మాత్రం ధర లేదని వాళ్లు ఏళ్ల తరబడి అడిగారు. ఆ మాటను మీ వ్యాసంలో వాళ్లు చెప్పినంత బలంగా రాయండి, తర్వాత మీ జవాబు రాయండి. ఎదుటి పక్షాన్ని ఒక్క లైన్లో తేల్చేసిన వ్యాసాలకు మార్కులు తగ్గుతాయి, తగ్గాలి కూడా. ఇంగ్లీషు వ్యాసాలకు అమెరికా ఉదాహరణలే కావాలని ఎవరూ అనలేదు. మనకు తెలిసిన ఊరి గురించి రాస్తే వాదన ఎక్కడ బలహీనంగా ఉందో మనకే కనిపిస్తుంది.

సైటేషన్లకు, అంటే మూలాల వివరాలు ఇవ్వడానికి, జొటేరో అనే సాఫ్ట్‌వేర్ వాడండి, ఉచితం. మొదటి వ్యాసం నుంచే అందులో వేసుకుంటూ పోండి, చివరి రాత్రి లింకులు వెతుక్కునే బాధ తప్పుతుంది. ఏపీఏ అనే సైటేషన్ పద్ధతి అడిగితే ఏడో ఎడిషన్ పెట్టుకోండి, అది 2019 చివర్లో వచ్చింది, పాత గైడ్లలో ఉన్నవి కొన్ని మారాయి. జొటేరో ఇచ్చిన లైన్‌ని కళ్లతో ఒకసారి చూడండి, మన పేర్లలో ఇంటిపేరును అది తరచూ తప్పు చోట పెడుతుంది. గూగుల్ స్కాలర్‌తో పాటు శోధగంగ కూడా చూడండి, మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ థీసిస్‌లు అక్కడ ఉచితంగా దొరుకుతాయి. కాపీ విషయంలో 2018 యూజీసీ నిబంధనలు థీసిస్‌లలో వేరే రచనలతో 10 శాతం లోపు పోలికకు శిక్ష వేయవు. ఆ అంకెను చూసి 9 శాతం కాపీ చేయొచ్చనుకునేవాళ్లను చూశాను. ఒక్క పేరా ఎత్తుకొచ్చినా చదివే టీచర్‌కి తెలిసిపోతుంది, భాష అక్కడ ఒక్కసారిగా మారుతుంది. ఏఐ సంగతీ అంతే. పదానికి అర్థం అడగండి, మీ వాక్యంలో తప్పేంటో అడగండి, కోర్సు ఒప్పుకుంటేనే. వ్యాసాన్ని దానితో కుదించి చదివితే మాత్రం మీరు నేర్చుకోవడానికి చేరిన పనిని అదే చేసేసినట్టు.

కోర్సు డిస్కషన్ ఫోరమ్‌లో "ఐ అగ్రీ" అని పెట్టి వదిలేయకండి, వ్యాసంలో ఏ మాటతో ఒప్పుకుంటున్నారో ఎందుకో రెండు వాక్యాలు చాలు.

డ్రాఫ్ట్ గడువుకు రెండు రోజుల ముందు పూర్తవ్వాలి. ఒక రాత్రి పక్కన పెట్టి, మర్నాడు పైకి చదవండి. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేయండి. మనం తెలుగులో క్రియను చివరికి తోసే అలవాటుతో ఇంగ్లీషులో కూడా అసలు సంగతిని పేరా చివర దాచిపెడతాం, దాన్ని ముందుకు తెండి. గడువు రాత్రి 11:59 అంటే మీరు తొమ్మిదికే సబ్మిట్ చేసి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఒకసారి 11:50కి నా ఫైల్ అప్‌లోడ్ అవుతూ తిరుగుతూనే ఉండిపోయింది, ఆ వారం సున్నా పడింది.

మార్కులు వచ్చాక కామెంట్లు చదివి, తిరిగి వచ్చే తప్పులను ఒక పేజీలో రాసుకోండి. నా పేజీలో 'ది' అక్కర్లేని చోట పెట్టడం, 'సిన్స్', 'ఫర్' తారుమారు చేయడం, ఒకే పేరాలో రెండు విషయాలు కలపడం ఉన్నాయి. సబ్మిట్ చేసే ముందు ఆ పేజీ ఒక్కటి చూసుకుంటే చాలు.

చివరి పరీక్షకు కేంద్రానికి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చోవాలి. నాకు మౌలాలి దగ్గర పడింది, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండు బస్సులు మారాను. హాల్‌టికెట్ ప్రింట్, ఒరిజినల్ ఐడీ ముందురోజే బ్యాగులో పెట్టుకోండి, వీలైతే ఒకసారి దారి చూసి రండి. పరీక్షలో పాసేజ్ వస్తే ముందు ప్రశ్నలు చదివి తర్వాత పాసేజ్‌కి వెళ్లండి, రఫ్ పేపర్ ఇస్తే దాని మీద మీ తెలుగు వాక్యం ఒకటి రాసుకోండి.