కుక్కపిల్ల ముందుకాళ్లు వంకరపోతుంటే ఏం చేయాలి

రెండు మూడు నెలల లాబ్రడార్ పిల్లకో జర్మన్ షెపర్డ్ పిల్లకో ముందుకాళ్లు కాస్త వంగినట్టు కనబడగానే చాలామంది టెన్షన్ పడి కాల్షియం సిరప్ పోయడం మొదలుపెడతారు. దయచేసి ఆ సీసా పక్కన పెట్టండి. ఆ వయసు పిల్లకు ఎక్కువైన కాల్షియాన్ని పేగుల దగ్గరే ఆపుకునే శక్తి సరిగా ఉండదు, పోసినదాంట్లో చాలావరకు ఒంట్లోకి ఎక్కేస్తుంది, పెద్దజాతి పిల్లల్లో ఎముకలూ కీళ్లూ దెబ్బతినడానికి అదీ ఒక కారణం.

ముందు మీ ఇంటి నేల చూడండి. పిల్ల టైల్స్ మీద నడుస్తుంటే మీరూ కిందే కూర్చుని గమనించండి, అడుగు వేసినప్పుడల్లా పంజా పక్కకి జారి, వేళ్లు విచ్చుకుని, మణికట్టు దగ్గర కాలు కుంగుతుంటే పట్టు దొరకట్లేదన్నమాట. అది తిరిగే చోటల్లా గోనెపట్టాలో రబ్బరు మ్యాట్లో పరిచి, గోళ్లు కత్తిరించి, రోజూ కాసేపు మట్టినేల మీద వదలండి. కీళ్ల వదులు వల్ల వచ్చిన వంకరైతే, తిండి కూడా సరిగా ఉంటే, కొన్ని వారాల్లోనే తేడా తెలుస్తుంది. వారానికోసారి ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి పెట్టుకోండి, రోజూ చూసే కళ్లకు మార్పు ఆనదు.

తిండి దగ్గరే మనం ఎక్కువ తప్పు చేస్తాం. రోజూ పెరుగన్నం, లేదంటే ఎముకల్లేని చికెన్‌తో అన్నం. మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం బాగా తక్కువ, అందుకని రక్తంలో కాల్షియం తగ్గకుండా ఒళ్లు ఎముకల్లోంచే లాగేసుకుంటుంది, చివరికి సోఫా మీంచి దూకినా విరిగేంత పల్చబడతాయి. పెద్దజాతి పిల్లల కోసమే చేసిన ఫీడ్ పెట్టండి, దాని మీద మళ్లీ కాల్షియం వద్దు. ఇంటి తిండే పెట్టాలంటే కొలతలు డాక్టర్‌తో రాయించుకోండి. ఎండలో కట్టేస్తే విటమిన్ డి వస్తుందనుకోకండి, కుక్క చర్మం దాన్ని సరిపడా తయారు చేసుకోలేదు, తిండిలోనే రావాలి. బొద్దుగా ఉంటే ముద్దే కానీ ఆ బరువంతా లేత కాళ్ల మీదే పడుతుంది, చెయ్యి పెడితే పక్కటెముకలు తగలాలి.

ఒక్క కాలే వంగుతున్నా, ఎక్కడినుంచైనా పడ్డాక కుంటుతున్నా, మణికట్టు పైన వాచి వేడిగా ఉండి జ్వరం వచ్చినా ఆగకండి, ఆ రోజే తీసుకెళ్లండి. ఎముక పొడవు పెరిగే గ్రోత్ ప్లేట్‌కు దెబ్బ తగిలితే వారాల్లోనే కాలు మెలి తిరుగుతుంది. ఎక్స్‌రే రెండు కాళ్లకీ తీయమనండి, పోల్చి చూస్తేనే తేడా దొరుకుతుంది. మనుషుల నొప్పి మాత్ర మాత్రం సగం ముక్క కూడా వేయకండి.