నమాజ్, జకాత్ – ఇంట్లోనే నేర్చుకుందాం
4వ పాఠం: నలభయ్యో వంతు లెక్క

గత మూడు పాఠాల్లో వుజూ (నమాజ్‌కి ముందు కాళ్లూచేతులూ మొహం కడుక్కోవడం), నమాజ్ వేళలు, రకాతులు (నమాజ్‌లోని ఆవృత్తులు) నేర్చుకున్నాం. ఈసారి జకాత్, అంటే ఉన్నవాళ్లు ఏడాదికోసారి తమ సొమ్ములో నలభయ్యో వంతు పేదలకి తప్పనిసరిగా ఇవ్వడం. ఖుర్ఆన్‌లో చాలాచోట్ల 'నమాజ్ స్థాపించండి, జకాత్ ఇవ్వండి' అని రెండూ జంటగానే వస్తాయి. మధ్యాహ్నం జుహర్ నమాజ్‌లో ఫర్జ్ (తప్పనిసరి భాగం) నాలుగు రకాతులైతే మూడు చదివి లేచిపోయేవాళ్లు మనలో ఎవరూ ఉండరు. జకాత్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతికి వచ్చినంత ఇచ్చి ఊరుకుంటాం.

నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను. రంజాన్‌లో ప్రతి జుమా తర్వాత మసీదు గుమ్మం దగ్గర పది, ఇరవై నోట్లు పంచి, తీరిపోయిందనుకునేవాణ్ణి. ఒక ఏడాది కాగితం పెన్ను తీసుకుని కూర్చుంటే, పంచినదంతా కలిపినా ఇవ్వాల్సిన దాంట్లో పావు వంతు కూడా కాలేదు. విశ్వాసుల సొమ్ములో అడిగేవాళ్లకీ, లేనివాళ్లకీ నిర్ణయమైన హక్కు ఉందని ఖుర్ఆన్ 70వ సూరా (అధ్యాయం) చెబుతుంది. అంటే మిగతా ముప్పావు వేరేవాళ్ల సొమ్ము, నా బీరువాలో ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు ఒక తేదీ పెట్టుకోండి. మీ దగ్గర నిసాబ్ (జకాత్ ఇవ్వాల్సి వచ్చే కనీస మొత్తం) అంత సొమ్ము మొదటిసారి చేరిన చాంద్రమాన తేదీ అది. గుర్తులేకపోతే రంజాన్ ఒకటో తారీఖు పెట్టుకుని ఇకమీదట మార్చకండి. జనవరి నుంచి జనవరి అని లెక్కపెట్టకూడదు. చంద్రుడి ఏడాది సుమారు 354 రోజులే. ఇంగ్లీషు క్యాలెండర్ పట్టుకుంటే ముప్పై మూడేళ్లకు ఒక ఏడాది జకాత్ ఎగ్గొట్టినట్టవుతుంది.

నిసాబ్ అంటే జకాత్ మొదలయ్యే గీత. ఏడున్నర తులాల బంగారం లేదా యాభై రెండున్నర తులాల వెండి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఇప్పుడు కొట్లలో తులం అంటే పది గ్రాములు అంటున్నారు. ఈ లెక్కలోది పాత తులం, 11.664 గ్రాములు. కాబట్టి బంగారం 87.48 గ్రాములు, వెండి 612.36 గ్రాములు అని రాసుకోండి. మన వైపు బంగారాన్ని కాసుల్లో చెప్పుకుంటారు కదా, కాసుకి ఎనిమిది గ్రాముల చొప్పున దాదాపు పదకొండు కాసులు. ఒక్క బంగారం మాత్రమే ఉంటే బంగారం గీత. నగదు, సరుకు, బంగారం కలిసి ఉంటే వెండి ధరతో పోల్చడం హనఫీల (ఇస్లాం ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకదాన్ని పాటించేవాళ్లు) పద్ధతి. విజయనగరం, శ్రీకాకుళం మసీదుల్లో ఎక్కువగా ఈ పద్ధతే వింటాం.

ఇప్పుడు లెక్క. విజయనగరం కంటోన్మెంట్‌లో చిన్న బట్టల కొట్టు ఉన్న ఒకాయన్ని ఊహించుకుందాం. ఇంట్లో నగదు 18,000. బ్యాంకులో 64,000. కొట్లో ఉన్న సరుకు, ఈ రోజు అమ్మితే వచ్చే ధరకి 2,40,000. తప్పకుండా వసూలయ్యే బాకీలు 30,000. మొత్తం 3,52,000. హోల్‌సేల్ వాళ్లకి ఇవ్వాల్సింది 72,000 తీసేస్తే మిగిలింది 2,80,000. వెండి గ్రాము 200 అనుకుంటే గీత సుమారు 1,22,500, ఈయన దాన్ని దాటాడు. నలభయ్యో వంతు తీయడానికి ముందు పదితో భాగించండి, 28,000. దాన్ని నాలుగుతో భాగించండి, 7,000. అంతే.

ఉంటున్న ఇల్లు, నడుపుతున్న బండి, కొట్లో అల్మారాలు, కుట్టుమిషను లెక్కలోకి రావు. భార్య నగలు ఆమెవి, ఆమె లెక్క ఆమెది. వాటిని భర్త ఖాతాలో కలపకండి. ఒంటి మీద వేసుకునే నగలకి కూడా జకాత్ ఉందని హనఫీలు అంటారు, మరో సంప్రదాయం వాళ్లైన షాఫయీలు లేదంటారు. పంటకి లెక్క వేరే. వానాధారంగా పండితే పదో వంతు, ఖర్చుపెట్టి నీళ్లు పెడితే ఇరవయ్యో వంతు. భూమి ఉన్నవాళ్లు తమ పొలం సంగతి చెప్పి ఇమామ్ సాబ్‌ని అడగడం మంచిది.

లెక్క అరగంట పని. ఎవరికి ఇవ్వాలన్నది ఎక్కువ ఓపిక కావాల్సిన పని. 9వ సూరా 60వ ఆయత్ (వాక్యం) ఎనిమిది రకాలవాళ్లని చెప్పింది. వాళ్లలో నిరుపేదలు, అప్పుల్లో మునిగినవాళ్లు, దారిలో చేతిలో డబ్బు లేక చిక్కుకున్న ప్రయాణికులు ఉన్నారు. పనికి హైదరాబాద్, చెన్నై వెళ్లి డబ్బు పోగొట్టుకుని తిరిగొచ్చి, ఆముదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో కూర్చున్న మనిషి సొంతూళ్లో ఇల్లు ఉన్నవాడైనా ఆ వేళకి హక్కుదారే. తల్లిదండ్రులకి, పిల్లలకి, భార్యకి జకాత్ ఇవ్వకూడదు, వాళ్లని పోషించడం ఎలాగూ మన బాధ్యత. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, మేనత్తలు పేదవాళ్లైతే ఇవ్వచ్చు, అందులో రెండు పుణ్యాలు ఉన్నాయని దైవప్రవక్త (స) చెప్పారు.

మసీదుకి గోడ కట్టించడం మంచి పనే, కానీ అది జకాత్ డబ్బుతో కాదు. జకాత్ ఒక పేద మనిషి చేతిలో పడి అతని సొంతం కావాలి. అందుకే, 'నువ్వు నాకివ్వాల్సిన ఐదు వేలు మాఫీ, అదే నా జకాత్' అంటే హనఫీల ప్రకారం చెల్లదు. ముందు అతని చేతికి ఇవ్వండి, తీర్చడం మానడం అతని ఇష్టం.

అడగనివాళ్లని వెతకండి. 2వ సూరా 273లో అలాంటివాళ్ల గురించే ఉంది: చెయ్యి చాచరు కాబట్టి, తెలియనివాళ్లు వాళ్లని కలిగినవాళ్లనుకుంటారు. జూట్ మిల్లు మూతపడిన రోజుల్లో మా వీధిలో ఒక పెద్దాయన రోజూ ఇస్త్రీ చొక్కాతోనే అసర్ నమాజ్‌కి వచ్చేవారు. ఇంట్లో రెండు పూటలా గంజేనని చాలా ఆలస్యంగా తెలిసింది. తెలిశాక మా అమ్మ కవరు చేతికిచ్చి, "పిల్లల పుస్తకాలకని చెప్పు, జకాతని అనకు" అంది. అమ్మ చెప్పింది సరైనదే. ఇచ్చేవాడి మనసులో నియ్యత్ (ఇది జకాత్ అన్న సంకల్పం) ఉంటే చాలు, తీసుకునేవాళ్లకి ఆ పేరు చెప్పక్కర్లేదు. లైను కట్టించి, ఫోటో తీసి చీరలు పంచేచోట కొంగుతో మొహం కప్పుకున్న ముసలమ్మని నేను చూశాను. ఎత్తిపొడిచి, బాధపెట్టి మీ దానాన్ని పాడుచేసుకోకండి అని అదే సూరా 264లో ఉంది. దయచేసి ఫోటోలు మానండి.

జకాత్ ముస్లిం పేదలకే అని ఎక్కువమంది పండితుల మాట. సదకాకి (ఇష్టపూర్వకంగా ఇచ్చే దానానికి) ఆ హద్దు లేదు. పక్కింటివాడు ఆకలితో ఉంటే కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న హదీసులో పక్కింటివాడి మతం ప్రస్తావనే లేదు.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కు తీసుకుని మొదటి పేజీలో మీ జకాత్ తేదీ, రెండో పేజీలో పై లెక్క మీ అంకెలతో, మూడో పేజీలో మీ వీధిలో అడగనివాళ్ల పేర్లు మూడు రాయండి. ఆ మూడో పేజీ ఎవరికీ చూపించకండి. వచ్చే పాఠం ఫిత్రా (రంజాన్ పండుగకి ఇంట్లో ఒక్కొక్కరి తరఫున ఇచ్చే దానం) గురించి. అప్పటికి పసిపిల్లలతో సహా మీ ఇంట్లో ఎంతమంది ఉన్నారో లెక్క రాసి ఉంచండి.