పాత సన్ స్పార్క్‌స్టేషన్ బూట్ అవ్వట్లేదా? ముందు ఆ చిన్న చిప్ చూడండి

సన్ కంపెనీ 1994లో తెచ్చిన స్పార్క్‌స్టేషన్ 5, 20 లాంటి వర్క్‌స్టేషన్ కంప్యూటర్లు ఇప్పటికీ ఆన్ అవుతాయి కానీ బూట్ అవ్వవు, అది చూసి బోర్డు పోయిందనుకుని తుక్కుకి వేసేస్తున్నారు, దయచేసి ఆ పని చెయ్యకండి.

సమస్య: ఐడీప్రామ్ (మెషీన్ గుర్తింపు వివరాలు) ఇన్‌వాలిడ్ అని మెసేజ్ వస్తుంది, ఈథర్‌నెట్ అడ్రస్ అంతా ఎఫ్‌లే, డిస్క్ బాగున్నా దాన్ని వదిలేసి నెట్‌వర్క్ నుంచి బూట్ అవ్వాలని చూస్తుంది.

కారణం: బోర్డు మీద ఎం48టీ08 అనే ఎన్‌వీరామ్ చిప్, అంటే పవర్ తీసినా సమాచారం నిలబెట్టుకునేది, ఉంటుంది (స్పార్క్‌స్టేషన్ 2లో అయితే ఎం48టీ02). హోస్ట్ ఐడీ (మెషీన్ గుర్తింపు నంబరు), ఈథర్‌నెట్ అడ్రస్, బూట్ సెట్టింగులు అన్నీ అందులోనే, వాటిని నిలబెట్టే లిథియం బ్యాటరీ కూడా ఆ చిప్ లోపలే సీల్ చేసి ఉంటుంది. అది సుమారు పదేళ్లకి అయిపోతుంది. చవక ఇంటెల్ పీసీల మీద లైనక్స్ వచ్చాక ఈ మెషీన్లని ఎవరూ పట్టించుకోలేదు, 2010లో సన్‌నే ఒరాకిల్ కొనేసింది, ఇక రిపేరు మన చేతుల్లోనే ఉంది.

పరిష్కారం: కొత్త చిప్ దొరికితే సాకెట్‌లో మార్చెయ్యండి. పాత స్టాక్‌ని కొత్తదని అమ్ముతుంటారు, అందుకే దానికన్నా పాత చిప్‌నే బాగుచెయ్యడం నాకు నచ్చుతుంది: పక్కన ఎపాక్సీని నిదానంగా గీకితే బ్యాటరీకి వెళ్లే రెండు కాళ్లు కనిపిస్తాయి, ప్లస్ ఏదో మైనస్ ఏదో మల్టీమీటర్‌తో చూసుకుని, చచ్చిన బ్యాటరీ కనెక్షన్ కట్ చేసి, సీఆర్2032 నాణెం బ్యాటరీ హోల్డర్ సోల్డర్ చెయ్యండి.

తర్వాత ఓకే ప్రాంప్ట్ (బూట్‌కి ముందు కమాండ్లు కొట్టే చోటు) దగ్గర సెట్-డిఫాల్ట్స్ కొట్టి, డయాగ్-స్విచ్‌ని ఫాల్స్ చెయ్యండి, నెట్‌వర్క్ వైపు పరిగెత్తేది దానివల్లే. ఆ తర్వాత 8 0 20, ఈథర్‌నెట్ అడ్రస్‌లో మిగతా మూడు బైట్లు, హోస్ట్ ఐడీ చివరి ఆరు అంకెలు, చివర్లో ఎంకేపీఎల్ కొట్టి ఎంటర్. ఇక్కడే చాలామంది ఆగిపోతారు, ప్రాంప్ట్ తిరిగి రాదు కాబట్టి, అయినా కంట్రోల్-డీ, కంట్రోల్-ఆర్ నొక్కాల్సిందే. పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సులు హోస్ట్ ఐడీకే ముడిపడి ఉండేవి, అందుకే చిప్ ఇంకా బతికుంటే ఇవాళే ఓకే ప్రాంప్ట్ దగ్గర బ్యానర్ అని కొట్టి, కనిపించే హోస్ట్ ఐడీ, ఈథర్‌నెట్ అడ్రస్ రాసిపెట్టుకోండి.

సమస్య: స్క్రీన్ అంతా నలుపే. కీబోర్డు లేకపోతే అవుట్‌పుట్ మొత్తం సీరియల్ పోర్టుకి వెళ్తుంది, 9600 స్పీడులో అక్కడ చూడండి. కీబోర్డు ఉన్నా రాకపోతే మానిటర్‌ని అనుమానించండి, సన్ వీడియో కనెక్టర్ 13డబ్ల్యూ3కి అడాప్టర్ పెట్టినా సన్ ఇచ్చే సింక్ సిగ్నల్‌ని అన్ని ఎల్‌సీడీలూ పట్టుకోవు.

సమస్య: డిస్క్ కనిపించట్లేదు. ఓకే ప్రాంప్ట్ దగ్గర ప్రోబ్-స్కజీ కొట్టండి, స్కజీ (డిస్కులు కలిపే కనెక్షన్) మీద ఉన్నవి చూపిస్తుంది, బూట్ డిస్క్ మామూలుగా ఐడీ 3లో ఉండాలి. సీడీ నుంచి ఇన్‌స్టాల్ చేస్తుంటే 512 బైట్ల బ్లాకులు ఇచ్చే డ్రైవే కావాలి, మామూలు పీసీ డ్రైవ్ నుంచి బూట్ అవ్వదు. డిస్క్ తిరుగుతోంది అంటే మాత్రం ఇంకేమీ ముట్టుకోకుండా ముందు దాని ఇమేజ్ (పూర్తి కాపీ) తీసేసుకోండి, ఆ తర్వాత డిస్క్ బదులు ఎస్‌డీ కార్డ్ వాడే బ్లూస్కజీ లాంటి బోర్డుకి మారిపోవచ్చు.