వేప్ (ఈ-సిగరెట్) బ్యాటరీ ఆర్డర్ పెట్టే ముందు

మొదట కెపాసిటీ అంకె చూడండి. 18650 సెల్ అంటే 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు. అంత చిన్న డబ్బాలో మామూలుగా పట్టేది 2,500 నుంచి 3,600 ఎంఏహెచ్. 9,900 అని రాశారంటే ఇక మిగతా వివరాలు చదవక్కర్లేదు.

అసలు మోసం ఆంపియర్ల దగ్గరే. ‘40 ఆంప్స్’ అన్నది పల్స్ రేటింగా, కంటిన్యువస్ రేటింగా? పల్స్ అంటే కొన్ని సెకన్ల మాటే; కంటిన్యువస్ అంటే ఆగకుండా ఇవ్వగలిగేది. లెక్క మీరే వేసుకోండి: నిండా చార్జైన సెల్ 4.2 వోల్టులు, కాయిల్ (వేప్‌లో వేడెక్కే తీగచుట్ట) 0.2 ఓమ్‌లు అయితే, రక్షణ సర్క్యూట్ లేని ‘మెకానికల్ మోడ్’ రకం వేప్ పరికరంలో దాదాపు 21 ఆంపియర్లు లాగుతుంది. 10 ఆంపియర్ల సెల్ అక్కడ వేడెక్కి, గ్యాస్ కక్కి, అంటుకోవచ్చు కూడా.

పేరున్న కంపెనీ రేపర్ ఉన్నా నమ్మకండి. పాత ల్యాప్‌టాప్ సెల్స్‌కి కొత్త తొడుగు వేసి అమ్ముతుంటారు. చేతికందాక తూకం వేయండి: 45 గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉండాలి. 30 దగ్గర ఆగితే నకిలీ కిందే లెక్క. కొసల మీద స్పాట్ వెల్డింగ్ మచ్చలున్నా, తొడుగు చిరిగినా వాడొద్దు.

కాయిల్ ప్యాకెట్ మీది ఓమ్‌లు కూడా మీటర్‌తో కొలిచాకే బటన్ నొక్కండి.

‘ఒరిజినల్’ స్టిక్కర్ మీది క్యూఆర్ కోడ్ నకిలీ సైట్‌కే తీసుకెళ్లవచ్చు. తయారీదారు సైట్ చిరునామా మీరే టైప్ చేయండి.